జపాను గవర్నరు కథ రాసిందెవరు?

అక్షరదోషాలుంటే మన్నించండి తల్లీ. అరవై దాటాక మనవరాలి దగ్గర అఆలు దిద్దినదాన్ని. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పడుతుంది.

"కుర్చీ పక్కనే ఉండు ఇందూ. ఎవరన్నా చిక్కు ప్రశ్న వేస్తే చీటీ రాసి అందించు!" అన్నాడు జయకర్, తన పుస్తకం మీద తెలుగువాళ్లు పెట్టిన జూమ్ సభ తెరవబోతూ.

ఇందుమతి గుండె భగ్గుమంది! పన్నెండు వందల ఏళ్ల కిందటి ఆ జపాను ప్రభువు జీవితం... రాచకొలువులో పెద్ద ఇంట పుట్టి, దూరపు సీమకు గవర్నరుగా వెళ్లి, మశూచి రోజుల్లో జనాన్ని కాచుకున్న ఆ మనిషి కథ... హైదరాబాదులో తాను చదివిన జపనీసుతో, ఐర్లండ్‌లోని ఈ ములింగార్‌లో ముసలివాళ్లకు సేవచేసే డ్యూటీ దిగి వచ్చి, నాలుగేళ్లు రాసింది! తీరా లాక్‌డౌన్‌లో పుస్తకం అచ్చయి వస్తే, అట్టమీద మొగుడు జయకర్ పేరు!

"నా పేరేదండీ?" అని ఆనాడు ఏడిస్తే, అత్తగారు సంతోషమ్మ, "ఆడి పేరుంటే నీదున్నట్టే గదమ్మా! ఈ పంతాలేంటి?" అని నోరు మూయించింది. అప్పుడే ఇందుమతి కళ్లు తుడుచుకుంది... ఇలాంటి రోజు కోసమే కాచుకుంది!

డెబ్బై ఇళ్లవాళ్లు చూస్తున్నారు. కార్క్ ఊరి నుంచి మైథిలి అనే అమ్మాయి అడిగింది. "అంకుల్, పదవీకాలం అయిపోయినా గవర్నరు రాజధానికి వెళ్లలేకపోయాడని రాశారు. ఎందుకని?"

జయకర్ బల్ల కింద చెయ్యి చాచాడు. ఇందుమతి ఒళ్లో చేట పెట్టుకుని వెల్లుల్లి వలుస్తూనే ఉంది. వేళ్లు ఆడించాడు. ఆ చేతిలో ఆమె వెల్లుల్లి పొట్టు పెట్టింది!

"అదీ... మశూచి కదమ్మా... అప్పుడూ లాక్‌డౌనే! గార్డులు ఆపేశారు!"

నవ్వులే నవ్వులు! ఇందుమతి తెర ముందుకు వంగింది.

"కాదు మైథిలీ. కొత్త గవర్నరు వచ్చి, ధాన్యం కొట్లన్నీ చూసి, అంతా సరిగ్గా అప్పజెప్పాడని కాగితం రాసివ్వాలి. అది చేతికి రానిదే పాతవాడు కదలకూడదు. పాపం, రెండేళ్లు పడిగాపులు కాశాడు."

"మీకెలా తెలుసు ఆంటీ?"

"మీ అంకుల్‌నే చెప్పమను."

జయకర్ గబుక్కున మ్యూట్ నొక్కాడు. "పరువు పోద్ది ఇందూ... నీకు దణ్ణం పెడతాను! ఇద్దరి పేర్లూ వేయిద్దాం!"

"ఇద్దరం రాశామా?"

గుమ్మంలో సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "చెప్పరా..." అంది చివరికి. "దాని ఉసురు మనకొద్దు!"

"రాసింది... ఇందుమతి," అన్నాడు జయకర్ తల దించుకుని.

"వాళ్లకు వినపడలేదండీ," అంది ఇందుమతి. "మ్యూట్ తీసి చెప్పండి."

— దీవెనమ్మ, డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడు ఉంటున్నది ములింగార్‌లో, చిన్నకూతురి ఇంట.