నాలుగో గీత

ఉదయం తొమ్మిదిన్నరకు బస్టాండులో కూర్చున్న మూగామె పది గంటలకు అక్కడ లేదు. తమ్ముడు టికెట్లు తీసుకుని వచ్చేసరికి బెంచీ మీద అతని బ్యాగొక్కటే ఉంది.

పదకొండుంబావుకల్లా ఆమె ఫొటోతో పోస్టర్లు ఊరంతా అంటించారు. సాయంత్రం నాలుగైనా జాడ లేదు.

ఇన్‌స్పెక్టర్ స్టేషన్ కాల్ రిజిస్టర్ తిరగేసింది.

"ఒంటిగంటా పదికి మార్కెట్ నుంచి ఫోనొచ్చిందే?"

"మాట్లాడని మనిషెవరో అరుగు మీద కూర్చుందన్నారు మేడమ్. కానీ ఆకుపచ్చ చీరట. పోస్టర్లో నీలం. మన కేసు కాదన్నాను," అన్నాడు కానిస్టేబుల్. "చీరల రంగులు నాకు తెలియవా? పెళ్లైనవాణ్ణి."

ఇన్‌స్పెక్టర్ పోస్టర్ వైపు చూసింది. ముఖం గులాబీగా ఉంది. వెనకున్న చెట్టు ఆకులూ నీలమే.

"జీపేసుకుని మార్కెట్‌కి పరిగెత్తు."

మూగామె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తను పోస్టర్లు వేసిన ప్రింటింగ్ షాపుకు వెళ్లింది. యజమాని ఓ ముసలాయన.

"బాబాయ్, ప్రింటర్ టెస్ట్ పేజీ తీశావా?"

"తీయకుండా ఉంటానా అమ్మా? ఇరవయ్యేళ్ల సర్వీసు. ఇదిగో. రంగుకో గీత. ఎక్కడా తెగలేదు."

"లెక్కపెట్టు."

నలుపు. నీలం. గులాబీ. నాలుగో గీత ఉండాల్సిన చోట ముసలాయన వేలు ఆగిపోయింది.

"తెల్లకాగితం మీద పసుపు సరిగా ఆనదమ్మా. ఉందనే అనుకున్నాను. ఇంతదానికి కళ్లజోడెందుకులే అని..."

"పసుపు సిరా వచ్చే నాజిల్ మూసుకుపోయింది. పసుపు పడకపోతే ఆకుపచ్చ నీలమవుతుంది."

"క్లీనింగ్ నొక్కితే రెండు నిమిషాల పని," అంటూ ఆయన తల పట్టుకున్నాడు. "కానీ మొదటి కాపీ ఈ బాబుకి చూపించాను. బాగుందని తలూపాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ తమ్ముడి వైపు తిరిగింది.

"ఫొటో తీసిందెవరు?"

"నేనే. ఈ ఉదయం."

"మరి రంగు మారితే తెలియలేదా?"

అతను బల్ల మీది పోస్టర్ నుంచి చూపు తిప్పుకున్నాడు.

"ఫొటో ఎందుకు తీశావు?"

"అక్కని వికలాంగుల హోమ్‌లో చేర్పించడానికి. అప్లికేషన్‌కి అడిగారు. అక్కకి చెప్పలేదు. గుడికని బయల్దేరదీశాను. నన్ను పెంచిన మనిషి మేడమ్. పొద్దున్నుంచి ఆమె వైపు చూడలేకపోయాను. పోస్టరూ చూడలేదు. ఊరికే తలూపాను."

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ స్పీకర్లో పెట్టింది. కానిస్టేబుల్.

"దొరికింది మేడమ్! క్షేమమే. చేతిలో హోమ్ ఫారం ఉంది. తమ్ముడి బ్యాగులో చూసినట్టుంది. జీపెక్కనని సైగ చేస్తోంది. తమ్ముడొస్తున్నాడని చెప్పనా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తమ్ముడి ముందుకు చాపింది.

"చెప్పొద్దు," అన్నాడతను. "రావచ్చా అని అడగండి."

మార్కెట్ గోలలో అవతల కానిస్టేబుల్ ఆమెను అడగడం వినిపించింది.

"ఏమంది?"

"సైగేమీ చెయ్యలేదు మేడమ్. ఏడుస్తోంది. కానీ అరుగు మీద ఇంకో మనిషికి చోటయ్యేలా పక్కకి జరిగింది."