జీన్లవాడి గడప

గడప తడి, గడప తడి, ఎవరు తడిపారే?
వాన లేదు, మంచు లేదు, ఎవరు తడిపారే?
బావిలోన పెళ్లికూతురు పైకి వచ్చిందే...
పైకి వచ్చి...

పైకి వచ్చి ఏం చేసిందో గుర్తు రావడం లేదు. జడ పిండుకుందనో, కాళ్లు కడుక్కుందనో — ఏదో ఉండేది. చిన్నప్పుడు మా వీధి ఆడపిల్లలం ఒంటికాలి మీద గెంతుతూ పాడేవాళ్లం. జీన్లవాడి ఇంటి ముందుకి రాగానే మాత్రం పాట ఆపేసి పరుగు తీసేవాళ్లం.

ఆ ఇంటికి అంత చెడ్డపేరు మరి. సముద్రం ఒడ్డు కోటగోడవైపు దిగే సందులో చివరి నుంచి రెండోది. మండువేసవిలో కూడా పొద్దున్నే దాని గడప తడిగా ఉంటుంది. ఇల్లు ఎన్ని చేతులు మారినా అంతే... ఇప్పటికీ అంతే. బిచ్చగాళ్లు సైతం ఆ గుమ్మం ముందు చెయ్యి చాపరు.

దాని సంగతి పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

సుల్తాన్ క్రైస్తవుల నుంచి ఈ నగరాన్ని గెలిచిన కొత్తలో మాట. గెలవడమైతే గెలిచాడు. తెల్లారి చూసుకుంటే ఏముంది — గోడలు, గుమ్మటాలు, పిల్లులు. చచ్చినవాళ్లు చావగా, పారిపోయినవాళ్లు పారిపోగా, మిగిలినవాళ్లని సిపాయిలు తాళ్లకి కట్టి అమ్ముకున్నారు. శుక్రవారం పెద్ద మసీదులో, నమాజు వేళ రాజుగా తన పేరు చదివిస్తే వినడానికి సైన్యమే గాని జనం లేరు. మనుషులు లేని ఊరికి రాజెవరు, కాపలావాడు గాని!

అందుకని ఫర్మానాలు పంపాడు. ఫలానా ఊరి నుంచి కమ్మర్లు, ఫలానా ఊరి నుంచి నేతగాళ్లు — పెళ్లాంబిడ్డలతో కదలాలి. ఇళ్లు ఊరికే ఇస్తారు. రామంటే కుదరదు.

అలా ఎక్కడో దూరాన లారెండె ఊరి నుంచి కదిలినవాళ్లలో గుర్రాల జీన్లు కుట్టే దుర్ముష్, అతని పెళ్లాం గుల్సుమ్ ఉన్నారు.

బండి కదిలేటప్పుడు గుల్సుమ్ తల్లి చెంబుతో నీళ్లు తెచ్చి, బండి వెనకాల దారి మీద పోసింది. నీళ్లలా వెళ్లు, నీళ్లలా తిరిగి రా, అని. గుల్సుమ్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. దుమ్ములో ఆ తడి మరక... బండి మలుపు తిరిగేలోపే ఆరిపోయింది.

అక్కడి నుంచే ఆవిడ లోపల ఏదో మొద్దుబారింది. ఏడుపు రాలేదు. పెడితే తినేది, చీకటి పడితే పడుకునేది. నగరం చేరాక కొత్వాలు మనిషి తాళంచెవి చేతిలో పెట్టి "ఇదే మీ ఇల్లు" అంటే, సరే అంది.

ఎవరి ఇల్లో అది. గూట్లో ఉప్పు గడ్డకట్టి ఉంది. మేకుకి గరిటె వేలాడుతోంది. వంటగది నేలలో గుండ్రటి రాతి మూత, దాని కింద నీళ్లు. ఈ నగరంలో ఇళ్ల కింద రాతి స్తంభాలు నిలబెట్టి కట్టిన చీకటి చెరువులుంటాయి లెండి, ఒకరింటి కింద మొదలై ఇంకొకరింటి కింద తేలతాయి. గుల్సుమ్ చేద దించి నీళ్లు తోడింది. గోధుమ నూకలో పెరుగు కలిపి, ఆ గరిటెతోనే జావ కాచింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తీసిన దుర్ముష్ అక్కడే నిలబడిపోయాడు.

"రాత్రి ఇక్కడ నీళ్లు పోశావా?"

"లేదు."

"నిజం చెప్పవే. చీకట్లో గడప మీద నీళ్లు పొయ్యకూడదు. జిన్నులు అక్కడే పడుకుంటాయి..."

"పొయ్యలేదంటున్నాగా."

రెండో రాత్రీ అంతే. ఆ మర్నాటి రాత్రి దుర్ముష్ గడియ పెట్టి, గడియకి తోలుపట్టీ చుట్టి బిగించి కట్టాడు. పొద్దున్న చూస్తే — పట్టీ విప్పి, చక్కగా మడిచి, పక్కన పెట్టి ఉంది. గడప తడి.

ఎదురింటి నెఫీసె వదినకి నోరు పెద్దది. పుట్టిన బిడ్డలు పోతూ ఉంటే, మిగిలినవాడికి మావాళ్లు దుర్ముష్ అని పెడతారు — నిలిచినవాడు అని. ఆవిడ దాన్నే పట్టుకుంది.

"ఏమయ్యా నిలిచినవాడా! కాళ్లు చూస్తే ఇప్పుడే పరిగెత్తేట్టున్నాయే!"

అతను నవ్వలేదు. ఆ సాయంత్రం గుల్సుమ్ చెవిలో అన్నాడు. "పోదామే. కోటగోడలో కూలినచోటు ఒకటుంది. చూసొచ్చాను."

పోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. సుల్తాన్ మనిషి ఒకడు రోజూ పొద్దు వాలేవేళ మిట్ట మీద నిలబడి పొగ చూసేవాడు. ఏ ఇంటి మీద పొగ లేవకపోతే ఆ ఇంటివాళ్ల కోసం గుర్రాలు బయల్దేరేవి. అలాగే ఒక నేతగాణ్ణి వెతికి తెచ్చి, మెడకి కొయ్య బిగించి సంతలో నిలబెట్టారు. వాడి తల వాలిపోయాక కూడా కొయ్య తియ్యలేదు.

"రేపు చెప్తా," అంది గుల్సుమ్.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదు. మొగుడు ఆగాలంటే గడప తడిపేదెవరో తేలాలి. చూసి గుండె ఆగి చచ్చినా, ఇప్పటికీ అప్పటికీ పెద్ద తేడా ఏముందిలే అనిపించింది. దుప్పటి ముక్కుదాకా లాక్కుని కళ్లు తెరుచుకుని పడుకుంది.

దీపం కొండెక్కింది. పొయ్యిలో ఒక్క నిప్పుకణిక మిగిలింది.

టప్... టప్... ఎక్కడో కింద.

ఆ తర్వాత — రాయి కదిలింది.

మూత పక్కకి జరిగింది. మెల్లగా, అలవాటైన చెయ్యి జరిపినట్టు. నల్లటి ఆ గుండ్రంలోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది. తెల్లగా, నాని, ముడతలు పడిన చెయ్యి... వెనకే తల. జుట్టు తడితాళ్లలా వేలాడుతోంది. పళ్ల మధ్య ఒక తాడు. పైకి వచ్చి ఆ తాడు లాగితే, దాని కొసన రాగి చెంబు తేలింది.

అది లేచి నిలబడింది. దుర్ముష్ కాళ్ల మీదుగా దాటింది — దాటేటప్పుడు తడిగుడ్డలు ఎత్తి పట్టుకుంది, అతని మీద చుక్క పడకుండా. తలుపు దగ్గర తోలుపట్టీ విప్పింది. మడిచింది. గడియ తీసింది.

గుల్సుమ్‌కి తన గుండె కొట్టుకుంటోందో లేదో తెలియలేదు.

అది చెంబు వంచింది. గభాల్న కుమ్మరించలేదు. ఎడమచెయ్యి రొమ్మున పెట్టుకుని, కుడిచేత్తో, దారివైపుకి... సన్నటి ధారగా... ఆఖరి బొట్టు దాకా.

గుల్సుమ్ లేచి కూర్చుంది. ఆ వంచడం ఆవిడకి తెలుసు — బండి వెనకాల అమ్మ వంచినట్టే.

"ఎవరు వెళ్లారమ్మా?" అంది, గుసగుసగా.

చెంబు గడపకి తగిలి ఖంగుమంది. దుర్ముష్ అటు ఒత్తిగిల్లాడు, అంతే. ఆ ఆకారం ఇటు తిరిగింది. దెయ్యం కాదు — ముసలామె. నిలువెల్లా వణుకుతోంది.

"అరవకు," అంది. బజారులో నేర్చిన మన మాట, ముక్కలు ముక్కలుగా. "అరవకు పిల్లా... ఇది నా ఇల్లు."

"అరవను. ఎవరు వెళ్లారు?"

"కూతురు. జొయీ."

"మీవాళ్లూ పోస్తారా నీళ్లు?"

"పొయ్యక?"

ఆమె పేరు ఇరీని. ఊరు పడిపోయిన రోజు తల్లీకూతుళ్లు కింద చెరువులో, స్తంభం పక్క అరుగు మీద దాక్కున్నారు. ఆ తర్వాత చాటింపు వేశారు. సుల్తాన్ అభయమిచ్చాడు, దాగినవాళ్లు బయటికి రావచ్చు, ఎవరిళ్లు వాళ్లవే, అని.

"నేను చూసొస్తా అమ్మా, అంది. సందు చివరికే. సందు చివరికే కదా అని... నీళ్లు పొయ్యలేదు." చెంబు రొమ్ముకి హత్తుకుంది. "చాటింపు అబద్ధం కాదేమో. దాన్ని పట్టుకుపోయిన సిపాయికి వినబడలేదేమో."

అప్పటి నుంచి చీకటి పడితే పైకొచ్చేది. దాచిన గింజలు నానబెట్టుకుని తినేది. ఆ రోజు పొయ్యని నీళ్లు రోజూ పోసేది. పగలు కిందే.

"నీకు... మీ అమ్మ పోసిందా?"

"పోసింది."

"అయితే మీ ఊరు తిరిగి వెళ్తావు నువ్వు."

గుల్సుమ్ లేచి వెళ్లింది. పొయ్యి ఊది, మిగిలిన జావ వెచ్చబెట్టి, గరిటెతో పోసింది. ఇరీని ఆ గరిటెను గుర్తుపట్టింది. దాని పిడి ఒకసారి తడిమి, జావ తాగింది.

తెల్లారింది. తెల్లారగానే సందులో డప్పు.

నగరానికి నీళ్లు తెప్పిస్తున్నాడట సుల్తాన్. ఇళ్ల కింద చెరువులన్నీ తెరిచి, మనుషులు దిగి, బురద తీస్తారట. ఆ మధ్యాహ్నమే ఈ సందు వంతు.

గుల్సుమ్ మూత కొద్దిగా జరిపి కిందకి చెప్పింది. "బయటికి వస్తారా? మళ్లీ అభయం ఇచ్చాడంటున్నారు."

చీకట్లోంచి జవాబు వచ్చింది. "నా కూతురు చూసొస్తానంది కదా. రానీ. అదే చెప్తుంది."

దొరికితే ఆమెని సంతకి ఈడుస్తారు. దాచారని వీళ్లకీ కొయ్య బిగిస్తారు. గుల్సుమ్ మూత పెట్టి, చేతులు తుడుచుకుని, ఎదురింటికి వెళ్లింది.

"వదినా... నీకే చెప్తున్నా. ఎవరికీ చెప్పకు."

నెఫీసెతో ఎవరికీ చెప్పకు అనడమూ, డప్పు వేయించడమూ ఒకటే.

"మా బావిలో పెళ్లికూతురుంది. ఆ రోజుల్లో దూకిందట. రాత్రి పైకొచ్చి గడప మీద జడ పిండుకుంటుంది. ఆ తడి దాటి ఎవరు బావిలో దిగినా... తేలేది శవమే."

"యా అల్లా!" అని నెఫీసె చెంపలు వాయించుకుంది. అప్పుడే చెప్పులు వెతుక్కుంటోంది.

కొత్వాలు మనిషి తాళ్లతో, దివిటీలతో వచ్చేసరికి సందంతా గుంపు. దిగేవాళ్లు గడప ఇవతలే ఆగారు. రాయి ఇంకా చెమ్మగానే ఉంది.

"ఏదమ్మా నీ పెళ్లికూతురు? ఎదురొచ్చి హారం వెయ్యమను," అని నవ్వాడు కొత్వాలు మనిషి.

గుల్సుమ్ తలుపు బార్లా తీసింది. ఏడవలేదు, బతిమాలలేదు. "రండి. మా ఆయన రోజూ దాటుతూనే ఉన్నాడుగా. ఎలా ఉన్నాడో చూసి రండి."

అందరూ దుర్ముష్ వైపు చూశారు. అతనికి ఏమీ తెలియదు పాపం. నిద్ర లేక కళ్లు గుంటలు పడి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి, నిజంగానే పళ్లు టకటకలాడిస్తూ నిలబడ్డాడు. వెయ్యిమంది చెప్పినా రాని నమ్మకం ఆ మొహం చూస్తే వచ్చింది.

తాడు పట్టుకున్నవాడు తాడు కింద పెట్టేశాడు. "అయ్యా, నా పిల్లలు చిన్నవాళ్లు..."

కొత్వాలు మనిషి గడప చూశాడు. కాలెత్తాడు. మళ్లీ దించాడు.

"ఈ సందు కింది నీళ్లు సుల్తాన్‌కి అక్కర్లేదు. పదండి!"

ఆ రాత్రి మూత జరిగేవేళకి గుల్సుమ్ మొగుణ్ణి లేపి చూపించింది. అతను నోరు తెరిచాడు గాని కేక రాలేదు. ముసలామెని చాలాసేపు చూశాడు.

"అయితే... నా పట్టీ మడిచింది ఈవిడేనా?"

"ఆఁ."

"మా అమ్మా అలాగే మడిచేది," అన్నాడు. మళ్లీ గోడ కూలినచోటు మాట ఎత్తలేదు. పేరు నిలబెట్టుకున్నాడు.

పొగ చూసేవాడికి ఆ ఇంటి మీద రోజూ పొగ కనబడింది. చలికాలం వచ్చింది. ఇరీని రాత్రుళ్లు పొయ్యి దగ్గర కూర్చునేది, తెల్లారేముందు దిగిపోయేది. కింది చెమ్మ ఆమె రొమ్ములో చేరింది. దగ్గు మొదలైంది. ఒక రాత్రి పైకి వచ్చింది గాని, చెంబు ఎత్తలేకపోయింది.

గుల్సుమ్ చెంబు అందుకుంది. తలుపు తీసింది. ఎడమచెయ్యి రొమ్మున పెట్టుకుని వంచింది. జొయీ కోసమో, లారెండె దారి కోసమో... ఆవిడకీ తెలియదు. ధార పడుతుంటే చూస్తూ నిలబడింది. ఏమీ అనిపించలేదు. వేళ్లకి మాత్రం చల్లగా తగిలింది.

"పోశావా?"

"పోశాను."

"దారివైపుకేనా?"

"దారివైపుకే."

ఇరీని కళ్లు మూసుకుంది. ఊపిరి వినబడలేదు. పోయిందనే అనుకుంది గుల్సుమ్. దుప్పటి సర్దబోతుంటే, ఆ నానిన చెయ్యి చీకట్లోంచి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"గడప ఆరనివ్వకు, తల్లీ."