ఏడో ఎక్కం

మూతపడ్డ ఆ హాస్టలు మేడ మీదికి పొద్దుగూకాక ఎవరూ వెళ్లరు. పైగదిలో ఎవరో పిల్ల ఏడో ఎక్కం అప్పజెబుతూ ఉంటుందట. సన్నటి గొంతు... బుద్ధిగా చెప్పుకుంటూ వచ్చి ఏడెనిమిదుల దగ్గర ఆగిపోతుందట. మళ్లీ మొదటికి. ఏళ్లుగా అంతే.

టైలరక్క ఇలాంటివి చెవిన పెట్టే మనిషి కాదు. పగలంతా మిషను తొక్కి, సాయంత్రం ఆ హాస్టలు కింది గదిలోనే, చదువులో వెనకబడ్డ పిల్లలకి ఊరికే పాఠాలు చెప్పేది. భయం లేదా అని అడిగితే, దెయ్యానికి కూడా లెక్కలు రాకపోతే తీసుకొచ్చి కూర్చోబెట్టండి అని నవ్వేది.

ఆ పిల్లల్లో ఇస్త్రీ చేసే ఆమె కూతురొకతి. బళ్లో దానికి మొద్దు అని పేరు. అక్క వెంటపడి వెంటపడి దారిలో పెట్టింది. ఈ మధ్య పిల్ల మొహంలో ఏదో కళ. ఇంటికి మాత్రం ఆలస్యంగా చేరుతోంది... అడిగితే అక్క ఉండమందని చెబుతోందట.

ఆ సంగతి అక్కకి తెలిసింది ఓ రాత్రి తొమ్మిదింటికి, తల్లి వచ్చి తలుపు తట్టినప్పుడు. పిల్లని ఇంకా పంపలేదేమని అడుగుతోంది.

అక్క ఏడింటికే అందర్నీ పంపేసింది మరి.

తల్లిని వీధుల్లో వెతకమని, తను టార్చి పట్టుకుని హాస్టలుకి పరిగెత్తింది. కింది గది ఖాళీ. మేడమెట్ల దగ్గర మాత్రం — చిన్న చెప్పుల జత.

సగం మెట్లెక్కాక వినబడింది.

"ఏడార్లు నలభై రెండు... ఏడేడులు నలభై తొమ్మిది... ఏడెనిమిదులు..."

ఆగింది.

అక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. పిచ్చిపిల్ల, ఇక్కడ కూర్చుని వల్లె వేస్తోందన్నమాట! తడబడే పిల్లలకి అందించి అందించి అలవాటైన నోరు — ఊరుకోలేదు.

"యాభై ఆరు," అంది చీకట్లోకి.

తర్వాత గబగబా...

"యాభై ఆరు. ఏడు తొమ్మిదులు అరవై మూడు. ఏడు పదులు డెబ్బై."

అక్క పైకెక్కి టార్చి వేసింది. పిల్ల గది బయటే ఉంది. గుమ్మం పక్కన గోడకి అంటుకుపోయి... రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని.

"చెప్పేశావేంటక్కా..." అంది చేతులు తీసి.

నెల రోజులుగా లోపలున్నదానికి తనే చదువు చెబుతోందట. బళ్లో తననెవరూ ఏమీ అడగరు; ఇక్కడ తను టీచరు. తొమ్మిదులు, పదులు నేర్పింది. ఏడెనిమిదులొక్కటీ దాచింది. ఇవాళ ఆ జవాబు చెప్పేదాకా కదలనివ్వనందట లోపలున్నది.

"ఎందుకు దాచావే?" అడిగింది అక్క.

"ఎక్కం మొత్తం వచ్చేస్తే మా ఇంటికి తీసుకెళ్తానని మాటిచ్చానక్కా... మొదట్లో, తెలీక."

లోపల, చీకట్లో, ఎవరో పుస్తకాలు సంచిలో సర్దుకుంటున్న చప్పుడు.