ఆదివారం మాత్ర

రుత్విక్ మెడకి వైరు బిగిసినప్పుడు అతని చేతిలో కాఫీ కప్పు ఇంకా వేడిగానే ఉంది.

సియాటిల్ పక్కన రెడ్‌మండ్, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఫిబ్రవరి జల్లు. ఫార్మసీ వెనక పార్కింగ్ లాట్‌లో తన కారు ఎక్కి తలుపు వేసుకున్న రుత్విక్, వెనక సీటు చూసుకోలేదు. ఆ ఒక్క పొరపాటూ చాలింది. కాఫీ విండ్‌షీల్డ్ మీద చిమ్మింది. బూట్లు డాష్‌బోర్డ్‌ని తన్నాయి. మోకాలు తగిలి హారన్ రెండుసార్లు మోగితే, పక్క కారులో ఆవిడ విసుక్కుని వెళ్ళిపోయింది. మెడ తెగి రక్తం కాలర్‌లోకి దిగుతుండగా అతని బొటనవేలు ఫోన్ మీద ఒక మెసేజ్ టైప్ చేసి పంపింది. తర్వాత ఆ వేలు కూడా ఆగిపోయింది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన నాలుగు ముక్కల మెసేజ్ అది. "శనివారం క్యాంప్. ఆదివారం మాత్ర."

బాతెల్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్ బోర్డు వెనక, రుత్విక్ రహస్యంగా కబుర్లు పంపే గూఢచారి ఏజెన్సీ ఆఫీసు ఉంది. అక్కడి ట్రాన్స్‌లేషన్ సాఫ్ట్‌వేర్ ఆ మెసేజ్‌ని నమిలి, "శనివారం శిబిరం, ఆదివారం మాత్రమే" అని ఉమ్మింది. దాంతో విశ్లేషకులందరూ ఆదివారం మీద పడ్డారు. చర్చిలు, మాల్స్, ఫుట్‌బాల్ స్టేడియం, అన్నింటికీ మనుషుల్ని పంపే ఏర్పాట్లు మొదలయ్యాయి.

"ఆదివారం ఏం జరగబోతోంది ఫణీ?" అని తన ఏజెంట్‌ని అడిగాడు చీఫ్ గౌరీశంకర్.

ఫణి ఆ కాగితం ఒక్కసారి చూశాడు. "ఏమీ జరగదు సార్. అది 'మాత్రమే' కాదు, మాత్ర. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది."

ఆ ఊళ్ళల్లో సూర్యుడు ఏడాదిలో సగం రోజులు మొహం చాటేస్తాడు. తెలుగువాళ్ళు మిగతా సగం రోజులు ఆఫీసులో ఉంటారు. అందుకని ప్రతి ఇంటికీ డాక్టర్ వారానికొక విటమిన్ డి క్యాప్సూల్ రాస్తాడు. మర్చిపోకుండా ఆదివారం టిఫిన్ తిన్నాక వేసుకుంటారు కాబట్టి దాని పేరు ఆదివారం మాత్ర అయిపోయింది. ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకు అడిగిన నోళ్ళే ఇప్పుడు పార్టీల్లో "మీ డి ఎంత?" అని అడుగుతున్నాయి. ఇరవై లోపైతే జాలి పడతారు. ముప్పై దాటితే కుళ్ళుకుంటారు.

ఇక శనివారం క్యాంపంటే ఏమిటో ఫణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగు సంఘం వాళ్ళ ఉచిత ఆరోగ్య శిబిరం, బాతెల్‌లో ఒక స్కూల్ జిమ్‌లో. నాలుగు వందల మందికి వేలు గుచ్చి డి చూస్తారు. పదకొండింటికి తలా ఒక క్యాప్సూల్ ఇచ్చి అక్కడే మింగిస్తారు. భార్య రష్మి తమ ఎనిమిదేళ్ళ కూతురు హాసిని పేరు ఆ లిస్టులో ఎప్పుడో రాయించింది. పోయిన చలికాలం న్యుమోనియాతో హాసిని పదకొండు రోజులు హాస్పిటల్‌లో ఉంది. ఆ పదకొండు రాత్రులూ ఫణి కుర్చీలో కూర్చుని పిల్ల ఊపిరి లెక్కపెట్టాడు. మనుషుల్ని చంపి వచ్చి కూడా హాయిగా నిద్రపోయినవాడు, అప్పుడు మాత్రం వణికాడు.

గంటలో డాక్టర్ లక్ష్మీకాంతం వచ్చింది. డెబ్బయ్యారేళ్ళ బయోకెమిస్ట్. క్యాంపు పెద్దదిక్కు. రుత్విక్ ఆమె శిష్యుడు. కళ్ళు తుడుచుకుని, వచ్చిన పని మొదలుపెట్టింది. విటమిన్ డి ఎముకలకి మాత్రమే అనుకుంటారు గానీ, ఊపిరితిత్తుల్లో కాపలా కాసే తెల్లకణానికి అది ఆయుధశాల తాళంచెవి అంది. క్రిమి కనబడగానే ఆ కణం నెత్తుట్లోని డిని తీసుకుని తనే పదును పెట్టుకుంటుంది, తాళం తీస్తుంది. లోపలినుంచి కేథలిసిడిన్ అనే ఆయుధం వస్తుంది. అది క్రిమి పొరని చీల్చి చంపుతుంది. ఇదంతా ఒంట్లో పుట్టుకతో ఉన్న కాపలా.

మూడు నెలల క్రితం రుత్విక్ పనిచేసే ల్యాబ్ ఫ్రీజర్లోంచి ఒక మందు పోయింది. వేరే జబ్బుకని తయారుచేసి, పనికిరాదని మూల పడేసిన మందు. అది ఆ తాళంలో దొంగ తాళంచెవిలా విరిగి కూర్చుంటుంది. ఇక ఆయుధం బయటికి రాదు. క్రిమి ఎదురుగా ఉన్నా కణం ఒట్టి చేతులతో నిలబడుతుంది. దొంగిలించింది 'గ్రహణం' అనే విదేశీ ముఠా.

"ఎలుకలకిచ్చి చూసుంటారు కదా?" అని అడిగాడు ఫణి.

"ఇచ్చారు. ఏమీ కాలేదు. ఆ ఆయుధానికి ఎలుకలో ఈ తాళం ఉండదు నాయనా. మనిషికే ఉంటుంది. అందుకే వాళ్ళకి మనుషులు కావాలి."

నాలుగు వందల మంది. ముందే డి తక్కువ. ఫ్లూ రోజులు. విటమిన్ బదులు ఆ మందు నింపిన మాత్ర మింగించి, ఎవరు మంచం పడతారో ఎవరు పోతారో లెక్క రాసుకుంటారన్నమాట. క్యాంపు ఆపేద్దామని ఫణి అంటే చీఫ్ తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ ఆపితే సరుకు ఇంకో ఊరి క్యాంపుకి పోతుంది. మాత్రలు మార్చే చేతిని పట్టుకోవాలి.

అందుకు తోడుగా చీఫ్ డాక్టర్ ఉజ్వలని ఇచ్చాడు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పదేళ్ళు ప్రాక్టీస్ చేసిన డాక్టర్, రెండేళ్ళుగా గ్రహణంలో మన మనిషి అని చెప్పాడు. అక్కడికక్కడే కోడ్ పెట్టారు. ప్రశ్న: "మీ డి ఎంత?" జవాబు: "పదకొండు." లక్ష్మీకాంతం ఫణికి ఒక పెన్ టార్చ్ ఇచ్చింది. దాని వెలుగులో అసలు క్యాప్సూల్ తెల్లగా, దొంగది నీలంగా కనిపిస్తుంది.

సాయంత్రం నాలుగింటికి ఫణి ఆధారాలు వెతకడానికి వెళ్ళేసరికి, రుత్విక్ సామాను పెట్టుకోవడానికి అద్దెకి తీసుకున్న స్టోరేజ్ యూనిట్ ముందు నల్ల కోటులో ఉజ్వల నిలబడి ఉంది. దారిన పోయేవాళ్ళు రెండోసారి తిరిగి చూసే మనిషి. ఫణి డి ఎంతని అడిగితే, "పదకొండు" అంది నవ్వుతూ. షట్టర్ ఎత్తి ఫణి లోపల రెండడుగులు వేశాడో లేదో, పైనుంచి వైరు దిగింది.

అదే వైరు. ఫణి మెడ చర్మం తెగింది. గొంతులో ఏదో పటుక్కుమంది. వెనకున్నవాడు ఆరడుగుల పైన ఉన్నాడు. ఫణి మడమతో వాడి మోకాటి చిప్ప మీద తన్నాడు, తలని వెనక్కి విసిరి ముక్కు చితక్కొట్టాడు, చేతికందిన ఇనుప స్టూలుతో దవడ మీద మోదాడు. రెండు పళ్ళు సిమెంటు మీద రాలాయి. వాడు చేతులు పైకెత్తాడు. ఫణి భుజం మీదుగా ఉజ్వల వైపు చూసి వాడు ఏదో అనబోయాడు.

సైలెన్సర్ రెండుసార్లు దగ్గింది. వాడి నుదుట ఒకటి, గొంతులో ఒకటి.

"సారీ ఫణి గారూ. గన్ తీస్తున్నాడనుకున్నా" అంది ఉజ్వల. శవం జేబుల్లో గన్ లేదు. ఫణికి చిర్రెత్తుకొచ్చింది. మాట్లాడించాల్సిన నోటిని మూసేసింది. తిడదామంటే గొంతు పెగల్లేదు. గుసగుస తప్ప గొంతు రాదని, అరవాలంటే వారం పడుతుందని రాత్రి కట్టు కట్టిన డాక్టర్ చెప్పాడు.

శనివారం పొద్దున తొమ్మిదికల్లా జిమ్ నిండిపోయింది. ఫణి మెడకి మఫ్లర్ చుట్టుకుని, వాలంటీర్ టీషర్ట్‌లో తిరుగుతున్నాడు. తొమ్మిదిన్నరకి ఉజ్వలతో కలిసి పెట్టెలన్నీ టార్చ్‌తో చూశాడు. అన్నీ తెలుపే. అది చూశాకే, రష్మి తీసుకొచ్చిన హాసినిని క్యూలో నిలబడనిచ్చాడు. వాటిని వంటగదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడికల్ కోఆర్డినేటర్ దగ్గర ఉంచారు. మెడికల్ కోఆర్డినేటర్ ఉజ్వలే.

పదీ యాభైకి, రిటైర్డ్ ఇంజనీర్ అంజయ్య రిపోర్టు స్లిప్పు జెండాలా పట్టుకుని వచ్చాడు. రోజూ మాత్రా, చేపా తప్పని మనిషి.

"యాభై అయిదు! గీ సియాటిల్‌ల నా అంత ఎవ్వనికున్నదో చెప్పుమను."

పక్కనే ఉన్న ఉజ్వల స్లిప్పు చూసింది. "యాభై అయిదా? బొటాబొటీగా ఉంది అంకుల్. జాగ్రత్తగా ఉండండి" అని, ఎవరో పిలిస్తే వంటగది వైపు వెళ్ళిపోయింది.

అంజయ్య మొహం మాడిపోయింది. "ముప్పై దాటితే మంచిదనే గద అందరంటరు?"

ఫణి ఆ స్లిప్పు తీసుకుని అంకె మళ్ళీ చూశాడు. రెండేళ్ళ క్రితం లండన్ నుంచి వచ్చిన బావమరిది తన డి యాభై అని పార్టీలో కాలరెగరేశాడు. తర్వాత తెలిసింది, అక్కడి కొలత వేరు. అమెరికా అంకెకి రెండున్నర రెట్లు కనిపిస్తుంది. అక్కడి యాభై ఇక్కడి ఇరవై. నెల రోజులు వాణ్ణి ఏడిపించారు. యాభై అయిదుని బొటాబొటీ అనే డాక్టర్ సముద్రం అవతల చదువుకుని ఉండాలి. ఫ్రిస్కోలో పదేళ్ళు ప్రాక్టీస్ చేసిన నోట ఆ మాట రాదు. ఫ్రిస్కో అబద్ధమైతే మిగతాదంతా అబద్ధమే.

ఫణి వంటగదిలోకి దూసుకెళ్ళాడు. ఉప్మా గిన్నెలు, పొగలు కక్కుతున్న కాఫీ డ్రమ్ము, మూల తెరిచి ఉన్న ఖాళీ పెట్టెలు. సింక్ కింద చెత్తసంచి నిండా క్యాప్సూల్స్. టార్చ్ వేశాడు. తెలుపు. అసలువన్నీ ఇక్కడున్నాయంటే, దొంగవి ట్రేలకెక్కి బయటికి వెళ్ళిపోయాయి.

వెనక తలుపు గొళ్ళెం పడింది.

"ఎక్కడ పొరపాటు చేశాను?" అని అడిగింది ఉజ్వల. చేతిలో కూరగాయల కత్తి.

"అంజయ్య గారి దగ్గర" అని గుసగుసగా చెప్పాడు ఫణి.

మొదటి పోటు మఫ్లర్‌ని చీల్చింది. రెండోది ఎడమ భుజంలో పిడిదాకా దిగింది. ఫణి ఆమె మణికట్టు పట్టుకుని స్టవ్ అంచుకేసి కొట్టాడు. ఎముక విరిగింది. అయినా ఆమె వదల్లేదు, మోకాలితో కడుపులో పొడిచి, నిన్నటి వైరు గాయం మీద వేళ్ళు దించింది. ఇద్దరూ ఉప్మా గిన్నెల మధ్య పడ్డారు. కాఫీలు అందించే కిటికీలోంచి జిమ్ కనిపిస్తోంది. గోడ గడియారం పదకొండు. లక్ష్మీకాంతం మైకులో పిల్లలు ముందు రండమ్మా అంటోంది. వరసలో అందరికన్నా ముందు హాసిని. ఒక చేతిలో మంచినీళ్ళ కప్పు, రెండో చేతి వేళ్ళ మధ్య క్యాప్సూల్.

ఫణి నోరు తెరిచి అరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

హాసిని క్యాప్సూల్‌ని పెదవుల దాకా తెచ్చింది. గోడ మీద ఎర్ర ఫైర్ అలారం నాలుగడుగుల దూరంలో ఉంది, మధ్యలో ఉజ్వల ఉంది. ఫణి తన భుజంలోంచి కత్తి పీకి ఆమె పాదంలో దింపాడు. ఆమె వంగింది. ఆమె మీదుగా పడి అలారం పిడి కిందికి లాగేశాడు.

స్కూలంతా గీపెట్టింది.

అమెరికా బడిలో పిల్లలకి మూడో ఎక్కం కన్నా ముందు నేర్పేది ఒకటుంది: అలారం మోగితే చేతిలో ఏదుంటే అది అక్కడే వదిలెయ్యాలి, వరసలో బయటికి నడవాలి. హాసిని నోటిదాకా వచ్చిన క్యాప్సూల్‌ని బల్ల మీద పెట్టి, కప్పు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని బయటికి నడిచింది. ఆమె వెనక పిల్లలందరూ. క్యూలో ప్లేస్ పోతుందని పెద్దవాళ్ళు మాత్రం కదల్లేదు. లక్ష్మీకాంతం మైకులో తిడితే అప్పుడు కదిలారు.

ఉజ్వల పాదంలోని కత్తి పీక్కుని మళ్ళీ వచ్చింది. ఫణి కాఫీ డ్రమ్మునే ఆమె మీదికి దొర్లించాడు. మరుగుతున్న కాఫీ మొహం మీద పడగానే ఆమె జారింది, తల స్టీల్ సింక్ అంచుకి తగిలింది. ఆ దెబ్బ శబ్దం అలారంలో కూడా వినిపించింది. ఆమె మళ్ళీ లేవలేదు.

దొంగ క్యాప్సూల్స్ లెక్కపెడితే నాలుగు వందలకి నాలుగు వందలూ దొరికాయి. ఒక్కటీ ఎవరి కడుపులోకీ పోలేదు. లక్ష్మీకాంతం ఫణి భుజానికి గుడ్డ కడుతూ, నెత్తురెలాగూ కారుతోంది, వేలు గుచ్చక్కర్లేదని రెండు బొట్లు డి చూసే మిషన్‌లో వేసింది.

మర్నాడు పొద్దున ఇడ్లీల దగ్గర హాసిని అడిగింది. "నాన్నా, మీ డి ఎంత?"

ఫణి కోడ్ గుర్తొచ్చి పదకొండు అనబోయి ఆగాడు. ఆ ప్రశ్నకి ఈసారి నిజం చెప్పాడు. "ఏడు."

"నాది ఫోర్టీన్. ఐ విన్" అంది హాసిని. ఇడ్లీ నములుతూ అది తీసే ఒక్కొక్క ఊపిరినీ ఫణి చూస్తూ ఉండిపోయాడు.

రష్మి దృష్టిలో ఫణి సాఫ్ట్‌వేర్ టెస్టర్. భుజం గాయం క్యాంపు వంటగదిలో జారిపడటం వల్ల వచ్చింది. ఆమె ఫ్రిజ్ మీది సీసా తెచ్చి ఇద్దరి ముందూ చెరొక మాత్ర పెట్టింది. ఫణి జేబులోంచి పెన్ టార్చ్ తీసి, ముందు కూతురి మాత్ర మీద, తర్వాత తన మాత్ర మీద వెలుగు వేసి చూశాడు. తెలుపు. మళ్ళీ తెలుపు.

"ఏంటా చూడటం? నామీద కూడా అనుమానమా?" అంది రష్మి.

"ఛ, నీ మీద కాదు" అని గుసగుసగా చెప్పి, మంచినీళ్ళు అందుకున్నాడు ఫణి. "మాత్ర మీద మాత్రమే."