నిన్న రా

చిన్న కథే. టీ చల్లారేలోపు అయిపోతుంది. భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో బంగార్రాజు షెడ్డులో ఒక కంప్యూటరు ఉంది. అది రోజూ ఒకటే ప్రశ్న అడిగేది. ఒక రోజు దానికి తప్పు జవాబు చెప్పారు. అంతే.

అయితే కంప్యూటరు అడిగే ప్రశ్న అంటే మా భిలాయిలో ఎవరికెంత భయమో ముందు చెప్పాలి. స్మృతి నగర్‌లో వాసుదేవరావు గారున్నారు. ముప్పయ్యారేళ్ళు ప్లాంటులో కరిగిన ఇనుము పక్కన నిలబడ్డ మనిషి. ఇంట్లో కంప్యూటరు అప్‌డేట్ మొదలుపెడితే మాత్రం దాని మీద తువ్వాలు కప్పి పక్కగదిలోకి వెళ్ళిపోతారు. అయిందో లేదో భార్య తొంగిచూసి చెప్పాలి. రోహిణి టీచరైతే ఏడాదిన్నరగా లాప్‌టాప్ ఆపనే లేదు. ఆపితే అప్‌డేట్ అవుతుందట. అందుకని మూత వేసి నిద్రపుచ్చుతుంది. కన్నపిల్లల్ని కూడా ఇంత జాగ్రత్తగా పడుకోబెట్టలేదని వాళ్ళత్తగారి ఫిర్యాదు. ఇక శంకరరావు. ధైర్యం చేసి ఒకసారి సరే అని నొక్కాడు. పన్నెండు రోజులు అతని మిషను అతన్ని గుర్తుపట్టలేదు. ఇంట్లోవాళ్ళు గుర్తుపడుతున్నారు కదా అని మేమంతా ఓదార్చాం.

ఇదంతా చూసినవాడు కాబట్టి బంగార్రాజు తన షెడ్డులో ఒక నియమం పెట్టాడు. కంప్యూటరు ఎప్పుడడిగినా రేపు అనాలి.

వాళ్ళ షెడ్డు ఎదురుగానే నా టిఫిన్ బండి. నాలుగింటికి వాళ్ళకి టీ పట్టుకెళ్ళేది నేనే. అందుకని చూసిందే చెబుతున్నాను. చూడనిది కూడా బాగా చెబుతానని నాకు పేరుంది గాని, ఇది చూసిందే.

షెడ్డులో నలుగురు. బంగార్రాజు. కంప్యూటరు ముందు కూర్చునే అతని కూతురు అపర్ణ. కంప్యూటరు చెప్పినట్టు ఇనుమును చెక్కే లేత్ మిషనును నడిపే మనోజ్‌కుమార్. ఇంకా బంగార్రాజు పిన్ని తాయారమ్మ. ఆవిడ పలాస పక్క ఊరినుంచి నలభయ్యేళ్ళ కిందట వచ్చింది. చదువు రాదు. ఓ మూల కూర్చుని పాత చీరలతో బొంతలు కుడుతూ ఉంటుంది.

మిషనూ కంప్యూటరూ రెండూ పక్కనే జాముల్‌లో మూతపడ్డ ఒక షెడ్డునుంచి కొన్నవి. ఎందుకు మూశారని బంగార్రాజు అడగలేదు. అడుగుతూ కూర్చుంటే ఇంకొకడు కొనేస్తాడని భయం. కంప్యూటరు తెరిస్తే రోజూ పొద్దున్న హిందీలో ‘స్వాగత్, అహల్య’ అని వచ్చేది. ఆ అహల్య ఎవరో ఎవరికీ తెలీదు. పేరు మారిస్తే ఇంకేం మారుతుందోనని అలాగే ఉంచేశారు.

సరిగ్గా సాయంత్రం నాలుగింటికి ప్రశ్న వచ్చేది. సురక్షా అప్‌డేట్ తయారుగా ఉంది. కింద రెండు మీటలు. ‘అభీ’, అంటే ఇప్పుడే. ‘కల్’, అంటే రేపు. అపర్ణ ‘కల్’ నొక్కేది. రెండేళ్ళు నొక్కింది.

“ఏటమ్మా అది, రోజూ అడుగుతాది?” అంది ఒకరోజు తాయారమ్మ.

“ప్యాచ్ మామ్మా. లోపల ఎక్కడో చిల్లు ఉందట. అతుకు వేస్తానంటోంది.”

“అతుకెయ్యాలంటే గుడ్డ కావాలి కదే. ఎవల గుడ్డ సింపి తెస్తాది?”

“ఊపర్ సే ఆతా హై, మామ్మా.”

తాయారమ్మ తలెత్తి పైకి చూసింది. పైన రేకులున్నాయి.

అపర్ణ మంచి పిల్లే. తెలుగొక్కటే కొంచెం కుంటుతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలందరికీ ఉన్న తెగులే. హిందీలో నిన్నకీ రేపుకీ ఒకటే మాట కదా, కల్. ఆ మాటని తెలుగులోకి తెచ్చేటప్పుడు వీళ్ళకి ఏది దొరికితే అది వస్తుంది. “నిన్న నాకు ఎగ్జామ్ ఉంది ఆంటీ, టీ తేవద్దు” అనేది. పోయిన పరీక్షకి ఈ పిల్ల ఇంకా చదువుతోందేమిటా అని మేం నవ్వుకునేవాళ్ళం.

వానలు మొదలైనప్పటినుంచి తేడా వచ్చింది. ఆపేసిన కంప్యూటరు నాలుగింటికి తనంతట తనే వెలిగేది. లోపలి ఫ్యాను మెల్లగా, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు తిరిగేది. షెడ్డంటే మిషను నూనె వాసన, కాలిన ఇనుము వాసన. ఆ వేళకి మాత్రం తడి పసుపు వాసన వచ్చేది. ఒకరోజు అపర్ణ లేనప్పుడు మనోజ్‌కుమార్ ఆ కుర్చీ జరిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“రజనీ దీదీ,” అన్నాడు నాతో, గొంతు తగ్గించి. “కుర్సీ గరమ్ హై.”

కుర్చీ వేడిగా ఉందట. పొద్దుటినుంచి అందులో ఎవరూ కూర్చోలేదు.

విశ్వకర్మ పూజనాడు అందరిలాగే వాళ్ళూ కరెంటు మెయిను దించేశారు. మిషను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. ఆ రోజు పనిముట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. మధ్యాహ్నం మిషను ముందు నలుగురినీ నిలబెట్టి నా ఫోనులో ఫొటో తీశాను. తర్వాత షెడ్డుకి తాళం వేసి వెళ్ళిపోయారు.

మర్నాడు పెద్ద వాన. మూడున్నరకే చీకటి పడినట్టయింది. మౌసు ఎవరూ ముట్టుకోకుండానే తెరమీద బాణం గుర్తు కదలడం మొదలుపెట్టిందట. కిందికి వెళ్ళి, మీటలు వచ్చే చోట ఆగి, ఎదురుచూస్తోందట.

తాయారమ్మ సూది పక్కన పెట్టింది. “మా ఊళ్ళో అయితే తలుపుమీద రాసీవోలం. రేపు రా అని. గుమ్మంలోకొచ్చింది సదువుకుని ఎల్లిపోతాది. మర్నాడొచ్చి మల్లీ సదువుకుంటాది. రాయే పిల్లా. తెలుగులో రాయి. అది మనూరిదో ఏటో.”

అపర్ణ కాయితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు నెత్తిన అంటించింది. బంగార్రాజు చూసి బాగుందన్నాడు. అతని కళ్ళజోడు జేబులో ఉంది. మనోజ్‌కుమార్‌కి తెలుగు అక్షరాలు రావు. తాయారమ్మకి ఏ అక్షరాలూ రావు.

నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి నాలుగు కావస్తోంది. మిషను ఆపి ఉంది. దాని తలుపు తీసి, మనోజ్‌కుమార్ కుడిచెయ్యి లోపల పెట్టి, ఇనుమును పట్టుకునే దవడల మధ్య ఇరుక్కున్న బంతిపూల రేకలు ఏరుతున్నాడు.

తెర వెలిగింది.

ప్రశ్న రాలేదు. అభీ లేదు. కల్ లేదు. గుండ్రంగా తిరిగే చుక్కలు... వాటి కింద ఒక అంకె. మూడు శాతం.

పసుపు వాసన.

“నొక్కావా?” అన్నాడు బంగార్రాజు.

“నై పాపా...”

పదకొండు. మిషను దవడలు మెల్లగా కదిలాయి. తిరగలి తిప్పుతున్నట్టు. చప్పుడు లేదు.

“చెయ్యి తియ్యరా,” అన్నాడు బంగార్రాజు.

మనోజ్‌కుమార్ తియ్యలేదు. మొహం తెల్లబోయింది.

“భయ్యా... కిసీనే పకడా హై.”

ఎవరో పట్టుకున్నారట. లోపల.

నలభై. దవడలు దగ్గరికొస్తున్నాయి... అపర్ణ కంప్యూటరు వైరు లాగేసింది. అంకె ఆగలేదు. అరవై రెండు. బంగార్రాజు పరుగెత్తి మెయిను దించాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. రేకులమీద వాన. చీకట్లో ఆ తెర ఒక్కటే వెలుగుతోంది. తొంభై. తొంభై ఎనిమిది...

వంద.

దవడలు ఆగాయి. చెయ్యి బయటికొచ్చింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఒక్క గీత పడలేదు. మణికట్టుదాకా తడి పసుపు, అంతే. నిన్నటి పూజదేమో అన్నాడు బంగార్రాజు. తాయారమ్మ ఆ చేతిని తన కొంగుతో తుడిచి, ఎత్తి, చాలాసేపు చూసింది.

మెయిను ఎత్తాక మిషను బుద్ధిగా నడిచింది. మనోజ్‌కుమార్‌ని గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డామని బంగార్రాజు నవ్వి, ఇంకో టీ పొయ్యమన్నాడు. అపర్ణ మాత్రం కంప్యూటరులో ఏదో వెతుకుతోంది. ఏ అప్‌డేట్ ఎప్పుడు జరిగింది, ఎవరు సరే అన్నారు, అన్నీ అందులో రాసి ఉంటాయట.

“ఇది ఇప్పుడు అవలేదు ఆంటీ,” అంది. “నిన్న అయింది. నిన్న నాలుగింటికి. అహల్య సరే అంది.”

ఆ పిల్ల నిన్న అనే మాట సరిగ్గా వాడటం నేను వినడం అదే మొదటిసారి.

నిన్న నాలుగింటికి మెయిను దించి ఉంది. షెడ్డుకి తాళం ఉంది. నేను తలెత్తి, కంప్యూటరు నెత్తిన ఉన్న కాయితం అప్పుడు చదివాను.

నిన్న రా.

ఫోను తీసి ముందురోజు ఫొటో చూశాను. నలుగురూ ఉన్నారు. దండ ఉంది. చివర్న మనోజ్‌కుమార్ నవ్వుతున్నాడు. అతని కుడిచేతికి మణికట్టు దగ్గర తెల్లగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ తర్వాత ఏమీ లేదు. ఆ ఫొటో తీసింది నేనే. తీసినప్పుడు అలా లేదు.

చూపించాను. తాయారమ్మ ఒక్కతే దగ్గరికొచ్చింది. మనోజ్‌కుమార్ మణికట్టు మీద బొటనవేలితో, బొంతమీద కుట్టు చూసినట్టు, నెమ్మదిగా రాసింది.

“సన్నటి పని,” అంది. “అతుకు కనబడనేదు.”

కంప్యూటరు ఇప్పుడు ఏమీ అడగదు. పొద్దున్న తెరిస్తే ‘స్వాగత్, మనోజ్‌కుమార్’ అని వస్తుంది. పేరు ఎవరూ మార్చలేదు. మనోజ్‌కుమార్ పనిలోనే ఉన్నాడు, బాగానే ఉన్నాడు. టీ గ్లాసు మాత్రం ఎడమచేత్తో అందుకుంటాడు. కుడిచేతికి వేడి తెలియడం లేదంటాడు. ఆ చేతి మణికట్టు చుట్టూ ఏళ్ళతరబడి గాజులు ఒరిసిన మచ్చ ఉంది.