చుక్క పెట్టిన పేరు

తొంభై ఆరులో శంషాబాద్ మీద ఇంకా విమానాలు దిగడం లేదు. బెంగుళూరు రోడ్డు మీద లారీలు, రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు, తోటలు దాటితే బండరాళ్లు. అంతే ఊరు. కోనసీమ నుంచి వచ్చిన నరసరాజు, రత్నమాల దంపతులు అక్కడ స్థలం చవకని ఇల్లు కట్టుకున్నారు. కొబ్బరిచెట్టు నీడన పుట్టి పెరిగినవాళ్లకు ఆ బండల మధ్య ఏం తోస్తుందని చుట్టాలు వేళాకోళం చేసేవారు. నరసరాజుకు మాత్రం తోచకపోవడమన్న సమస్యే లేదు. అతనికి బోర్డు ఉంది.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. నరసరాజు సిటీలో ఒక ప్రైవేటు కంప్యూటర్ స్కూల్లో పాఠాలు చెబుతాడు. ఇంట్లో కూడా ఒక కంప్యూటరు పెట్టి, దాన్ని ఫోన్ లైనుకు తగిలించాడు. సభ్యులు తమ ఇంటి కంప్యూటర్ నుంచి ఈ నంబరు తిప్పితే రెండు మిషన్లూ కీచుమని పలకరించుకునేవి. ఆపైన వాళ్ల తెర మీద 'కోనసీమ కబుర్లు' అని నోటీసు బోర్డు కనబడేది. చదువుకోవచ్చు, రాసి పెట్టి పోవచ్చు, ఒకరికొకరు విడిగా ఉత్తరాలు కూడా పంపుకోవచ్చు. లైను ఒక్కటే కాబట్టి ఒకసారికి ఒక్కరే. ఒకరు లోపలుంటే మిగతా అందరికీ ఎంగేజ్. లోపలికి వచ్చినవాళ్లు టైపు చేస్తుంటే ఒక్కో అక్షరమూ ఇక్కడ శంషాబాద్‌లో తెర మీద పడేది. ఇక్కణ్ణించి జవాబు కూడా ఇవ్వచ్చు. సభ్యులు డెబ్భై మంది దాకా ఉంటారు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ కోనసీమ వాళ్లే ఎక్కువ. పూతరేకులు ఎక్కడ దొరుకుతాయి, రైల్లో బెర్తులున్నాయా, ఎవరి పిల్లకు ఎవరి పిల్లాడు సరిపోతాడు... ఇవే కబుర్లు.

నవంబరు ఆరో తారీఖు రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది.

మర్నాటి నుంచి ఆ బోర్డు మీద పూతరేకుల ఊసు లేదు. కాకినాడలో ఫోన్లు రెండో రోజుకే బాగుపడ్డాయి. అక్కడి సభ్యురాలు, లెక్చరర్ స్వరాజ్యం గారు క్యాంపులన్నీ తిరిగి, బతికి బయటపడ్డవాళ్ల పేర్లు రాసుకొచ్చి బోర్డు మీద పెట్టేవారు. హైదరాబాద్ సభ్యులు అవి చదివి, ఫోను లేని చుట్టాల ఇళ్లకు స్కూటర్ల మీద వెళ్లి చెప్పేవారు. దానికి 'క్షేమం' జాబితా అని పేరు పెట్టి నరసరాజు ఒక నియమం చేశాడు. సభ్యులెవరైనా మనిషిని కళ్లారా చూస్తేనే ఆ పేరు పక్కన చుక్క పడుతుంది. చుక్క పెట్టే అధికారం ఒక్క నరసరాజుది. ఆ జాబితానే స్వరాజ్యం గారు అచ్చు తీసి పడవలవాళ్లకు ఇచ్చేవారు. పడవలు తక్కువ, మునిగిన ఊళ్లు ఎక్కువ మరి. చుక్క ఉన్నవాళ్లను వదిలేసి లేనివాళ్ల కోసం వెతికేవారు.

రత్నమాలకు ఒక్కడే తమ్ముడు, వెంకట్. సముద్రం పక్కన రొయ్యపిల్లల కేంద్రంలో గుమాస్తా. ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆదివారం ఆదివారం బోర్డులోకి వచ్చి అక్కను ఆటపట్టించిపోయేవాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. తుఫాను తరవాత రెండు రోజులూ వాడి కబురు లేదు. మూడో రోజు రత్నమాల సంచి సర్దుకుని, నేను పోతానని గుమ్మంలో నిలబడింది. అప్పుడే నరసరాజు గదిలోంచి కేకేశాడు. తెర మీద వెంకట్ పేరుంది, పక్కన చుక్క ఉంది. ఎవరు చూశారని కూడా ఆవిడ అడగలేదు. సంచిలో బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. మర్నాడు దీపావళి. ఊరంతా ఏడుస్తుంటే మనకు పండగేమిటని అంటూనే, తమ్ముడు దక్కినందుకు బూరెలు వండి, ముందు మొగుడికి పెట్టింది.

ఇదంతా పదిహేడో తారీఖు ఆదివారం వరకూ జరిగిన కథ.

ఆ సాయంత్రం నరసరాజు సిటీలో ఉన్నాడు. సభ్యులంతా కలిసి కాచిగూడలో ఒక హాలు తీసుకుని అతనికి సన్మానం చేస్తున్నారు. బోర్డు కనిపెట్టుకుని ఉండమని భార్యకు చెప్పి వెళ్లాడు. ద్రాక్షతోటల మీద పొద్దు కుంకింది. చలిగాలి మొదలైంది. వెనకింటి యేసుమణి బట్టల మూట మోసుకుంటూ వచ్చింది.

"అక్కా, చర్చిల జమ చేసినం. చీరలు, పిల్లగాళ్ల అంగీలు. లారీ ఎప్పుడు పోతది?"

"రేపు పొద్దున్నే. కూర్చో యేసుమణీ, కాఫీ ఇస్తా."

"కాఫీ వద్దు. మా ఇంటాయన జ్ఞానయ్య వస్తడు, ఇద్దరం ఇంటికి పోతం. రాజన్నకు దండలేస్తుండ్రంట గద! దేవుడసొంటోడు అంటడు మా ఆయన."

"ఆ దేవుడి కాళ్లు ఇక నేల మీద ఆనవులే," అని నవ్వింది రత్నమాల. నవ్వులో గర్వమే ఎక్కువ.

అప్పుడే ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. మిషను అందుకుంది. ఎప్పుడూ వచ్చే కీచు చప్పుడు మాత్రం రాలేదు. తెర మీద సభ్యుడి పేరు పడింది.

వెంకట్.

"మా తమ్ముడు!" అని కేకపెట్టి కుర్చీ లాక్కుంది రత్నమాల. కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

'అక్కా.'

'వచ్చావురా నాయనా! ఎలా ఉన్నావు? పిల్లలేరీ?' ఆవిడ గబగబా టైపు కొట్టింది.

'నలుగురం ఇక్కడే ఉన్నాం. రైసుమిల్లు మేడ మీద.'

'ఇంకా మిల్లులో ఏమిటి? క్యాంపులో కదా ఉన్నారు?'

అక్షరాలు మళ్లీ పడ్డాయి.

'పడవ రాలేదు.'

యేసుమణి ఆవిడ భుజం మీదుగా తెర వైపు వంగింది. చదవడం రాదు గానీ అక్షరాలు పడడం చూస్తోంది. మెల్లగా అడిగింది.

"ఆడ కరెంటొచ్చిందా అక్కా?"

రత్నమాల వేళ్లు ఆగిపోయాయి.

కరెంటు రాలేదు. పొద్దున్న పేపర్లోనే ఉంది. సముద్రం దాకా ఒక్క స్తంభం నిలబడలేదు. ఫోన్లు కూడా నెల దాటితే గానీ రావట. మరి వీడు ఎక్కణ్ణించి...

గదిలో వాసన మొదలైంది. మొదట కొంచెమే. ఉప్పు కలిసిన బురద, కుళ్లిన కొబ్బరాకు. బండరాళ్ల ఊళ్లో ఆ వాసనకు పని లేదు. తర్వాత అది చిక్కబడింది. యేసుమణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గొణుగుతూ ప్రార్థన మొదలుపెట్టింది.

రత్నమాల ఫోన్ ఎత్తి చెవికి ఆనించింది. మిషన్లు మాట్లాడుకునేటప్పుడు లైనులో నూనె మరిగినట్టు చప్పుడు ఉంటుంది. ఇప్పుడది లేదు. నీళ్లున్నాయి. గోడకు తగిలి, వెనక్కి వెళ్లి, మళ్లీ తగులుతున్న నీళ్లు. మధ్యలో ఎవరో చంటిది దగ్గింది.

ఫోన్ పెట్టేసింది. తెర మీద అక్షరాలు కదిలాయి.

'నాలుగు రోజులు చీర ఊపాం అక్కా. చివరి రెండు రోజులూ పడవ దూరాన కనబడేది. తిరిగిపోయేది.'

'ఎందుకురా?'

'బావ ఉత్తరాలు చూడు.'

ఆవిడ ఏ మీటా నొక్కలేదు. తెర తనంతట తనే మారింది. నరసరాజు పేరు మీద వచ్చిన ఉత్తరం ఒకటి తెరుచుకుంది. స్వరాజ్యం గారిది, పదో తారీఖుది.

'రాజు గారూ, మిల్లు మేడ మీంచి ఎవరో చీర ఊపుతున్నారని పడవవాళ్లు చెప్పారు. మీ బావమరిది కుటుంబమేమోనని నా అనుమానం. కానీ మీరు చుక్క పెట్టారు, అందుకే పడవ వెనక్కి వచ్చేసింది. అటు వెళితే ఒక పూట పోతుంది. పడవ పంపమంటారా?'

కింద నరసరాజు జవాబు. 'వద్దండీ. వాడు క్షేమం. చుక్క లేని ఊళ్లకు పంపండి.'

అదే రోజు. దీపావళి రోజు. ఆ మాట రాసి వచ్చి, పీట మీద కూర్చుని, బూరెలు తిన్నాడు.

ఇంకొక ఉత్తరం తెరుచుకుంది. పన్నెండో తారీఖు. 'మిల్లు నిన్న కూలిపోయిందట. పైన నలుగురున్నారట. పేర్లు తెలియలేదు.' దానికి జవాబు లేదు.

ఐదు రోజుల నుంచి తెలుసు. ఐదు రోజులూ ఆవిడ పక్కనే పడుకున్నాడు. వెంకట్ ఇంకా రాయలేదేమండీ అంటే, తీరిక దొరకాలి కదా రత్నం అన్నాడు. ఆవిడకు ముందు ఏడుపు రాలేదు. పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుంటాం. ఈయన్ను ఏమని తిట్టాలో కూడా ఆవిడకు తెలియలేదు. తమ్ముడు చీర ఊపుతూ అక్క ఉంది కదా అనుకుని ఉంటాడు. ఆ అక్క మొగుడికి సాయంగా బోర్డు ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల పేర్లన్నీ టైపు కొడుతోంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఫోన్ మోగింది.

తెర మీద వెంకట్ ఇంకా లోపలే ఉన్నాడు. లైను ఒక్కటే. ఒకరు లోపలుంటే మోగకూడదు. అయినా మోగుతోంది.

ఎత్తింది.

"రత్నం! బస్సు దిగాను, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి. దండలు, శాలువా, జ్ఞాపిక... చేతుల్లో పట్టడం లేదు. జ్ఞానయ్యను సైకిలేసుకుని రమ్మను." గొంతులో సంతోషం పొంగుతోంది.

"వెంకట్‌ను ఎవరు చూసి చుక్క పెట్టారండీ?" చాలా నెమ్మదిగా అడిగింది.

అవతల జ్ఞాపిక కింద పెట్టిన చప్పుడైంది.

"...నువ్వు సంచి సర్దుకున్నావు. ఆ నీళ్లలోకి పోతానన్నావు. నిన్ను ఆపడానికి పెట్టాను. వాడు ఈతగాడు, ఎలాగూ బయటపడతాడనుకున్నా."

"స్వరాజ్యం గారు అడిగితే వద్దన్నారేం?"

"ఒక్క చుక్క అబద్ధమని తెలిస్తే మిగతా నాలుగొందల పేర్లనూ ఎవరు నమ్ముతారు? ఆలోచించు. బోర్డు ఏమైపోతుంది రత్నం?"

బోర్డు ఏమైపోతుంది! అదీ ఆయన బాధ.

"రత్నం... ఇదేమిటి?" గొంతు మారింది. "బూత్‌లోకి నీళ్లొస్తున్నాయి. వాన కూడా లేదే... తలుపు రావడం లేదు..."

ఆవిడ వింటోంది.

"నడుం దాకా... ఉప్పగా ఉన్నాయే... బయట ఎవరో తలుపు పట్టుకున్నారు. రత్నం! ఎవరినన్నా పంపు! జ్ఞానయ్యను..."

తెర మీద అక్షరాలు పడ్డాయి.

'ఎవరినన్నా పంపుతావా అక్కా?'

గుమ్మంలో సైకిలు గంట. యేసుమణి మొగుడు జ్ఞానయ్య. ఫోనులోంచి వస్తున్న కేకలు అక్కడి దాకా వినిపిస్తున్నాయి.

"ఏందమ్మా చెల్లె, రాజన్ననా? గట్ల ఒర్లుతుండేంది? ఏడున్నడు చెప్పు, సైకిల్ మీద రెండు నిమిషాల్ల పోత."

రత్నమాల అతని మొహం చూసింది. మంచి మనిషి. చెబితే చెప్పులు కూడా వెతుక్కోకుండా పరిగెత్తే మనిషి. ఆవిడ ఫోను గుండెలకు అదుముకుంది. నీళ్లు ఒకసారి బుడబుడమన్నాయి. ఆ తరవాత ఏమీ లేదు.

"వద్దన్నా," అంది. "ఆయన క్షేమమే."

తెర ఆరిపోయింది.

బూత్ నడిపే బాలమల్లు అన్నం తినడానికి ఇంటికి పోయి, తొమ్మిదింటికి తిరిగొచ్చాడు. నరసరాజు గాజుగదిలో అద్దానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఇంకా మాట్లాడుతున్నాడనుకుని బాలమల్లు బయట బీడీ ముట్టించుకున్నాడు. బీడీ అయిపోయాక తలుపు లాగాడు. మనిషి వాలిపోయాడు. శాలువా పొడిగానే ఉంది. పూలదండ కూడా వాడలేదు. దవాఖానాలో డాక్టరు మాత్రం ఊపిరితిత్తుల నిండా నీళ్లన్నాడు. అవి ఉప్పునీళ్లని నమ్మడానికి ఆయనకే రెండు రోజులు పట్టింది.

మర్నాడు శవం ఇంటికి వచ్చాక బాలమల్లు మెల్లగా జ్ఞానయ్యను పక్కకు పిలిచాడు. పిలిచినవాడు గుసగుసగానే మాట్లాడాడు గానీ గుమ్మం పక్కన కూర్చున్న రత్నమాలకు అంతా వినిపించింది.

"అద్దం లోపటి దిక్కు మొత్తం రాజన్న చేతులే. కొట్టుకున్నట్టున్నడు. బయటి దిక్కు ఒక్కటే చెయ్యి ముద్ర ఉందన్నా. ఆడమనిషిది. తలుపు తెరువకుండ నెట్టి పట్టుకున్నట్టు... బురదతోని."

"నువ్వు జూసినవా ఎవరినన్న?"

"నేను జూడలే. పాన్ డబ్బాల బుచ్చయ్య జూసిండంట. ఎవరో అక్క, చేతిల సంచి పట్టుకుని నిలబడ్డదంటుండు. ఊరికి పొయ్యేటోళ్ల లెక్క."

రత్నమాల ఆ రాత్రి గడప దాటలేదని యేసుమణి ఎవరడిగినా బైబిలు మీద చెయ్యి వేసి చెబుతుంది. ఆవిడ చెప్పేది నిజమే. తెల్లవార్లూ పక్కనే కూర్చుంది.

రత్నమాల కుడిచేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. గోళ్ల సందుల్లో నల్లటి బురద ఇంకా ఊరుతూనే ఉంది.