ఖాళీ మేకు

కాల్చమన్నది మీరు!

ఆకలని వీధికెక్కిన జనం మీద తుపాకులు ఎత్తమన్నది రాజధానిలో కూర్చున్న మీరు! ఎత్తేది లేదని తిరగబడ్డ సైనికుల బ్యారక్స్ మీద తెల్లారేసరికి ఫిరంగులు పేల్పించిందీ మీరే!

అందులోంచి ఒక్కడే బయటపడ్డాడు. సార్జంట్ షుహ్రత్.

మిట్టమధ్యాహ్నం. పామీర్ కొండల కింది ఊరు. మట్టిగోడల సందులో పరిగెడుతున్నాడు...

వెనక బూట్ల చప్పుడు!

గోడ దూకాడు. సొంతిల్లు.

అరవబోయిన తల్లి నోరు మూశాడు.

"నీళ్ళివ్వమ్మా, చాలు. చొక్కాలో కాగితం ఉంది. నది అవతలి రెజిమెంటుకు చేరాలి. చేరితే వాళ్ళూ జనాన్ని కాల్చరు."

ఆమె వినడం లేదు. గోడ మేకుకు వేలాడుతున్న ఎండు రొట్టె దించుతోంది. రెండేళ్ళ కింద సైన్యానికి పోతూ వాడు ఒక్క ముక్క కొరికి వదిలింది. తిరిగొచ్చి వాడే తినాలి, అది ఆ ఊరి ఆచారం.

"ఇప్పుడా!"

"తినరా. దీన్ని చూస్తూనే బతికాను."

కరకర నమిలాడు. ఆఖరి ముక్క నోట్లో ఉండగానే...

తలుపు దడదడ!

పరుపుల దొంతర వెనక్కి దూరాడు.

పిస్టల్‌తో మేజర్ సఫర్. పక్క వీధివాడే.

"పెద్దమ్మా, వాడేడీ?"

"రెండేళ్ళుగా మీ సర్కారుని నేనూ అదే అడుగుతున్నా."

సఫర్ చూపు గోడ మీద ఆగింది. ఖాళీ మేకు! తనింట్లోనూ ఉంది అలాంటి మేకు. దానికి కొడుకు పర్వీజ్ కొరికిన రొట్టె. వాడు సరిహద్దు కాపలాలో ఉన్నాడు.

"రొట్టె ఏమైంది?"

"ఆకలేసి నేనే తిన్నా."

"పళ్ళు లేని నోటితోనా?"

"ఇందాకే వేడి టీలో నానేసుకున్నాలే."

సఫర్ పొయ్యి మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

"బయటికి రారా!"

పరుపులు కూలాయి. షుహ్రత్ లేచాడు.

"సఫర్ మామా, కాల్చకు! ఇది చూడు... మీ..."

చెయ్యి చొక్కాలోకి పోయింది.

ఢాం!

చొక్కాలోంచి జారింది తుపాకీ కాదు. కాగితం.

'జనం మీద కాల్చం.' కింద అరవై సంతకాలు. నిన్నటి తేదీ.

మూడో పేరు దగ్గర సఫర్ వేలు ఆగిపోయింది. ఆ వంకర అక్షరాలు తను దిద్దించినవే!

పొద్దున ఆ బ్యారక్స్ మీద పేల్చమని ఫిరంగులకు చెయ్యి ఊపిందీ తనే...

"ఎవరి పేరు?" కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని అడిగిందామె.

"మా... పర్వీజ్. సరిహద్దు వదిలి వీళ్ళతో..."

మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"లే! నీ ఏడుపు నాకెందుకు? ఇంటికి పో. నీ గోడ మీది రొట్టె నీ చేత్తో దించు. వాళ్ళమ్మ చేత దించించకు. ఆ తర్వాత ఆ కాగితం నది దాటించు. నువ్వే! ఇవాళే!"